రెండిళ్ల మధ్య వదిలిన జాగా

పోయిన నెల మా తమ్ముడి కొడుకు ఒక పెద్ద కాగితం చుట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. బాగున్నావా అని కూడా అడక్కుండా దాన్ని నా మంచం మీద పరిచి, అది మళ్లీ చుట్టుకుపోకుండా నా కళ్లద్దాల పెట్టె, బీపీ మాత్రల డబ్బా, మంచినీళ్ల చెంబు తలా ఒక మూల పెట్టాడు. నాలుగో మూలకు ఏమీ దొరక్క నా చెయ్యి తీసి పెట్టాడు. కర్నూలులో మా నాయన కట్టిన ఇల్లూ, పక్కనే మా పెద్దనాయన కట్టిన ఇల్లూ పడగొట్టి, రెండు స్థలాలూ కలిపి ఐదంతస్తులు లేపుతారట. పెద్దనాయన మనవళ్లు ఒప్పుకున్నారట. నాకూ అందులో ఏదో కొంత హక్కు ఉంది కాబట్టి సంతకం కావాలట. చుట్టూ జాగా వదలాలన్న రూలు వాడికి మింగుడు పడలేదు. "ఇంత సెట్‌బ్యాకు ఊరికే పోతాంది అత్తా. అయినా మన రెండిళ్ల నడుమ అప్పట్లో అంత జాగా ఎందుకు వదిలినారు? భూమికి అప్పుడు విలువ లేదా?" అని అడిగాడు. రూలురా అన్నాను. వాడు తృప్తిపడి టీ తాగి వెళ్లిపోయాడు. నేను చెప్పింది సగమే నిజం. మిగతా సగం టీ తాగేంతసేపట్లో చెప్పేది కాదు.

మాది కోయిలకుంట్ల దగ్గర నల్లరేగడి పల్లె. అక్కడ ఇళ్లన్నీ మట్టి మిద్దెలు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. మా ఇంటికీ పెద్దనాయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో వంటింటి దగ్గర ఒక చిన్న గూడు, ఆ పక్కకీ ఈ పక్కకీ చెయ్యి పట్టేంత. మా పొయ్యి ఆరిపోతే వాళ్ల నిప్పు, వాళ్ల పప్పుకు చింతపండు తక్కువైతే మా చింతపండు, మా అమ్మకు కోపం వస్తే ఆ కోపమూ అన్నీ ఆ గూటి గుండానే పోయేవి. వీధివైపు గోడ రెండిళ్లకూ కలిపి ఒకటే సాగి ఉండేది. దాని మీద నడుము ఎత్తున, ఆ చివర నుంచి ఈ చివర దాకా, నల్లటి జిడ్డు గీత ఒకటి ఉండేది. ఏటా పండక్కి సున్నం కొట్టేవాళ్లు. పది రోజుల్లో గీత మళ్లీ వచ్చేది. అది మా జేజి చెయ్యి.

జేజి అంటే మా నాయన తల్లి. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె రెండు కళ్లకూ పొర కమ్మింది. వెలుగూ చీకటీ తేడా తెలిసేదంతే. దాన్ని ఆమె పెద్ద విషయంగా ఎప్పుడూ చెప్పుకోలేదు. తలకూ మోకాళ్లకూ ఆముదం రాసుకునేది, రాసుకున్న చెయ్యి గోడకు పెట్టి నడిచేది. పొద్దున జొన్నరొట్టె పెద్దనాయన ఇంట్లో, మధ్యాహ్నం సంగటి మా ఇంట్లో, సాయంత్రం మజ్జిగ మళ్లీ అక్కడ. వెళ్లిన ఇంట్లో ఊరబిండి వాసన చూసి వెల్లుల్లి ఎక్కువైందనేది, రెండో ఇంట్లో తక్కువైందనేది. మా అమ్మా పెద్దమ్మా ఒకే రోట్లో, ఒకే బిండి నూరి, చెరి సగం తీసుకున్న రోజు కూడా ఆమె అట్లాగే అన్నది. ఏ ఇంటికీ అతిథి కాకుండా, ఏ ఇంటికీ బరువు కాకుండా, రెండు ఇళ్లనూ తిట్టే అధికారం అట్టిపెట్టుకుని బతికింది. ఆ అధికారమంతా ఆ గోడ మీదే ఆధారపడి ఉందని మాలో ఎవరికీ తోచలేదు.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. నాయనకు అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. పెద్దనాయన అప్పటికే అక్కడి వేరుశనగ మండీలో ఉన్నాడు, ఎడ్లబండి మీద వచ్చీపోయీ నడుములు పడిపోయాయి. ఊరి చివర కొత్తగా వేసిన పేటలో పక్కపక్కనే రెండు స్థలాలు తీసుకున్నారు. పల్లెలో ఎట్లా ఉన్నామో ఇక్కడా అట్లాగే, నడుమ ఒకటే గోడ పెట్టి, గూడు కూడా పెట్టి కట్టుకుందామనుకున్నారు. నేను అప్పుడే ఎస్సెల్సీ అయి, ఇంట్లో గుండ్రంగా రాయగలిగిన ఒకే మనిషిని. కాబట్టి ప్లాను కింద వివరాలన్నీ నేనే రాశాను. వారం తిరక్కుండా అది వెనక్కి వచ్చింది. కొత్త పేటలో ఇల్లు కట్టేవాళ్లు వీధివైపు పది అడుగులు, పక్కల ఐదేసి అడుగులు ఖాళీ వదలాలట. ఇంటికీ ఇంటికీ గోడ కలపరాదట, అంటే మా రెండిళ్ల నడుమ పది అడుగులు.

ఆ మాట మరింత వివరంగా చెప్పడానికి ఓవర్సియరు స్వయంగా వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. మర్యాదస్తుడు, ప్రతి మాటకీ చివర అండీ పెట్టేవాడు. రాజధానికి వచ్చిన ఉద్యోగులకు ఇళ్లు చాలక గుడారాలు వేసిన కాలం కదా, ఆయనా గుడారంలోనే ఉండేవాడు. ఆయన గుడారం తాళ్లు పక్క గుడారం మేకులకు కట్టి ఉండేవి, పక్కవాళ్లవి ఆయన మేకులకు. ఒకరు దగ్గితే ఇద్దరి గుడారాలూ కదిలేవని ఆయనే చెప్పాడు. ఇంటికీ ఇంటికీ మధ్య ఎంత జాగా ఉండాలో మాకు చెప్పింది ఆయనే.

"గాలీ వెలుతురూ కోసమండీ. ఒక ఇంటికి నిప్పంటుకుంటే రెండో ఇంటికి పాకకుండా కూడానండీ," అన్నాడు.

"మాది రాయీ మన్నూ సామీ. అంటుకునేదానికి ఏముండాది అందులో?" అని పెద్దనాయన అడిగాడు.

"రూలు రాసినాయన మీ ఇల్లు చూడలేదండీ," అన్నాడు ఓవర్సియరు. అందులో వెటకారం లేదు. ఉన్న మాటే చెప్పాడు.

ఇది చాలదన్నట్టు నంద్యాల నుంచి వాస్తు చూసే ఆయనొకాయన వచ్చి, ఈశాన్యం ఎక్కువ వదలాలనీ, నైరుతి తక్కువ వదలాలనీ చెప్పాడు. ఓవర్సియరు పుస్తకంలో దిక్కులు లేవు, ఈయన పుస్తకంలో అడుగులు లేవు. రెండు పుస్తకాలకూ సరిపడేట్టు మేము మూడుసార్లు ప్లాను గీయించాం. రెండు పుస్తకాల్లోనూ గోడ పట్టుకుని నడిచే ముసలమ్మ ఊసు మాత్రం లేదు.

ఆ ముసలమ్మ విషయం నేనే అర్జీలో రాశాను. మా అవ్వకు చూపు లేదు, రెండిళ్లకూ గోడ ఆసరాతో నడుస్తుంది, కాబట్టి నడిమి గోడకు అనుమతి దయచేయించవలెను అని. నాకు తెలిసిన గ్రాంథికమంతా అందులో పోశాను. జవాబు రెండు వాక్యాలు వచ్చింది. సానుభూతి ఉందట, అవకాశం లేదట. అది జేజికి చదివి వినిపించాను. ఆ రోజు సంగటి కూడా మెదలకుండా తినింది. సాయంత్రం మాత్రం ఇద్దరు కొడుకులనూ పిలిపించి చెప్పింది.

"పది అడుగులు చెయ్యి పెట్టేదానికి ఏమీ ల్యాకపోతే నేనెట్ల తిరిగేది? ఒకరింట్లో కూచుంటే రెండోవాని ఇంటికి సుట్టం మాదిరి పోవల్ల. ఎవరైనా చెయ్యి పట్టుకొని తీసకపోవల్ల, వాళ్లకు తీరినప్పుడు. అట్లయితే నేను రాను. ఈన్నే ఉంటా. ఈ గోడ ఉండాది నాకు."

పెద్దనాయన గొంతు సవరించుకున్నాడు. నాయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఆ పల్లెలో ఆమెను ఒక్కదాన్నే వదిలి ఇద్దరూ కర్నూలు పోవడమంటే ఊరు ఏమంటుందో అటుంచి, మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగదు. ఇల్లు కట్టకపోతే స్థలాలు పోతాయి. నాకు అప్పుడు పదహారేళ్లు. నా అర్జీ సరిగా లేకనే ఇట్లా అయిందని నా నమ్మకం. రెండో వాక్యంలో ఇంకో విశేషణం వేసి ఉంటే మంజూరయ్యేదనుకున్నాను. ఆ తప్పు దిద్దుకోవడానికి మరునాడు జేజి దగ్గర కూర్చుని, "పది అడుగులంటే నీకు ఐదు అంగలు జేజీ. గోడ వదిలి ఐదు అంగలు నడిస్తే రెండో గోడ వస్తుంది. నేర్చుకుందామా?" అన్నాను.

"ఈ వయసులో నడక నేర్పుతాండావా నాకు?" అన్నది. అన్నదే కానీ లేచింది.

మా మిద్దె గోడకూ ఎద్దుల కొట్టం గోడకూ మధ్య నాయన టేపుతో పది అడుగులు కొలిచి చూస్తే, ఒక జానెడు తేడాతో సరిపోయింది. పొద్దున రొట్టె తిన్నాక, ఎండ ముదరకముందు, అక్కడ మొదలుపెట్టాం. మొదటి రోజు ఆమె గోడ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తీస్తానంటుంది, వేళ్లు ఒక్కొక్కటీ లేస్తాయి, బొటనవేలు మాత్రం గోడను వదలదు. అంత తిట్టే మనిషి, ఊరిని వణికించిన మనిషి, భయపడడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. నాకు ఏడుపొచ్చింది, చూపు లేదు కదా అని ధైర్యంగా ఏడ్చాను. "ముక్కు చీదుకో పాపా," అన్నది. నాలుగో రోజున రెండు అంగలు వేసి, చేతులు ముందుకు చాపి, బావిలోకి దిగుతున్నట్టు నిలబడింది. నెల దాటాక ఐదు అంగలూ వేసింది. ఐదో అంగకు చెయ్యి చాపితే కొట్టం గోడ అక్కడే ఉంది. దాన్ని తట్టి, "ఉందే!" అన్నది, ఎవరో దాన్ని తీసుకుపోయి ఉంటారనుకున్నట్టు. ఆ తర్వాత రోజుకు ఇరవైసార్లు నడిచేది. ఎద్దులు కూడా ఆమె వస్తుంటే తల పక్కకు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాయి. కర్నూలుకు వస్తానని పెద్దనాయనకు కబురు పంపింది.

ఇక ఇళ్లు. ఇక్కడ మా నాయనా పెద్దనాయనల పద్ధతి ఒకటి చెప్పాలి. వాళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఎంత ప్రాణమంటే నేరుగా మాట్లాడుకునేవాళ్లు కాదు. అన్నదమ్ములు భాగాల మాట ముఖాముఖి ఎత్తితే మాట తూలుతుందని మా తాత పెట్టిన కట్టుబాటట. మొదట ఆస్తి మాటకే ఉన్న కట్టుబాటు పోనుపోను అన్ని మాటలకూ వచ్చింది. ఎదురుగా అన్న కూర్చుని ఉంటే, "అమ్మా, రేపు బండి కావల్లేమో అన్నను అడుగు," అనేవాడు నాయన. జేజి అడక్కముందే పెద్దనాయన, "కావల్ల అని చెప్పమ్మా," అనేవాడు. జేజి అడగనూ అడగదు, చెప్పనూ చెప్పదు, నడుమ కూర్చుని వక్క నములుతూ ఉండేది. పని జరిగిపోయేది.

జేజి పల్లెలో ఉంది. ఇళ్లు కర్నూలులో లేస్తున్నాయి. రెంటికీ మేస్త్రీ ఒక్కడే, ఖాసీం సాయిబు, మాట మీద నిలబడే మనిషని పేరు. పునాదికి ముగ్గు పోసే ముందు రోజు నాయన ఆయన్ని పక్కకు పిలిచాడు. నడుమ వదలాల్సిన పది అడుగులూ నా స్థలంలోనే వదులు, అన్న తన గట్టు దాకా కట్టుకోనీ, ఆయనది పెద్ద సంసారం, ఆయనకు చెప్పొద్దు, చెబితే ఒప్పుకోడు అని ఒట్టు వేయించుకున్నాడు. అదే రోజు సాయంత్రం పెద్దనాయన ఖాసీం సాయిబును మండీకి పిలిపించి, పది అడుగులూ నా వైపే వదులు, తమ్ముడిది చిన్న జీతం, జాగా అయినా ఎక్కువ ఉండనీ, వానికి చెప్పొద్దు అని ఒట్టు వేయించుకున్నాడు. ఖాసీం సాయిబు రెండు ఒట్లూ నిలబెట్టుకున్నాడు. కట్టుబడి చూడడానికి నాయన ఆదివారాలు వచ్చేవాడు, పెద్దనాయన శుక్రవారాలు మండీ సెలవు చూసుకుని వచ్చేవాడు. ఎవరికి వాళ్లు తాము చేసిన మేలు చూసుకుని సంతోషపడి, మధ్యలో జాగా కాస్త ఎక్కువగా కనిపిస్తే, గోడలు లేచేదాకా స్థలం అట్లాగే కనిపిస్తుందనుకుని వెళ్లిపోయేవాళ్లు.

గోడలు కిటికీ ఎత్తు దాటాక, గృహప్రవేశానికి ముందు ఒకసారి చూస్తానని జేజి అన్నది. చూస్తానన్నది ఆమె మాటే. పెద్దనాయన బండి కట్టాడు. మేమంతా వెళ్లాం. మా ఇంటి పక్క వాకిలి దగ్గర ఆమెను దించాను. కొత్త గోడను అరచేత్తో రుద్దింది. "గరుకుగా ఉండాది. ఉండనీ," అన్నది. తర్వాత అందరినీ వెనక్కి ఉండమని, కొంగు నడుముకు దోపి, పెద్దనాయన ఇంటి వైపు తిరిగి, గోడ వదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. పైకే లెక్కపెట్టింది. ఐదో అంగకు నిలబడి చెయ్యి చాపింది. ఏమీ లేదు. ఇంకొంచెం చాపింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. చుట్టూ ఎర్రటి ఎండ.

"పాపా, గోడ యాడ?" అన్నది.

అప్పుడు చూశాను నేను కూడా. ఇంకా అంతే దూరం ఉంది. నాయన పెద్దనాయన ఇంటి గోడ చూశాడు. పెద్దనాయన మా గోడ చూశాడు. ఇద్దరూ కలిసి ఖాసీం సాయిబును చూశారు.

"ఇద్దరికీ మాట ఇచ్చినా గదప్పా," అన్నాడు ఖాసీం సాయిబు. తాపీ కింద పెట్టి, చేతులు కడుక్కుని, ఇక దాచేదానికేముందని ఇద్దరి ఒట్లూ ఎవరెవరివో అందరి ముందరా చెప్పాడు.

జేజి అక్కడే, పునాది మన్ను మీద, కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. వక్క అడిగింది. నములుతూ కూర్చుంది. నాయన, "అమ్మా, నా గోడ పడగొట్టి ముందుకు కడతానని చెప్పు అన్నకు," అన్నాడు. "వాంది కాదు, నాది పడగొడతానని చెప్పమ్మా," అన్నాడు పెద్దనాయన. కాదంటే కాదని ఇద్దరూ ఆమె తల మీదుగా ఆమెకే చెప్పుకుంటున్నారు. చివరకు ఆమె చెయ్యెత్తింది.

"సాలు. మీరిద్దరూ ఒకరికి తెల్వకుండా ఒకరు పడగొట్టి ముందుకొస్తే మళ్లీ గోడా గోడా కల్స్తాయి. అప్పుడు ఆ టేపాయన వస్తాడు. కట్టిందాన్ని ముట్టొద్దండి. ఐదు నేర్చుకుంటి. పది నేర్చుకోలేనా?"

అన్నంత సులువుగా జరగలేదు. ఐదు అంగలు తిన్నగా నడిచే మనిషి పది అంగలకు పక్కకు ఒరిగిపోతుంది. ఇంట్లో చేరిన మొదటి వారంలో ఆమె ఒకసారి పెరట్లోని నీళ్ల తొట్టిని చేరుకుంది, ఇంకోసారి వీధివైపు వదిలిన పది అడుగుల్లోకి పోయి, దారిన పోయే ఎవరినో పట్టుకుని పెద్దనాయన అనుకుని మజ్జిగ అడిగింది. ఆయన పాపం తెచ్చిచ్చాడు. చెయ్యి పట్టుకుంటానంటే ఒప్పుకోదు. నేను కిటికీలో నుంచి చూస్తూ పళ్లు బిగబట్టుకునేదాన్ని. రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె పెద్దనాయన ఇంటి నుంచి బయలుదేరి, తొమ్మిదో అంగకు గోడ తప్పి వాలుగా పోతోంది. నాయన అప్పుడే భోజనానికి వచ్చాడు. చప్పుడు చేయకుండా పోయి ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు. పదో అంగకు ఆమె చాపిన చెయ్యి ఆయన రొమ్ము మీద పడింది. తడిమింది. చొక్కా బొత్తాలు తడిమింది.

"ఈ గోడ మెత్తగుండాదే," అన్నది. ఆయన్ని దాటుకుని సంగటికి లోపలికి వచ్చింది.

ఆ రోజు నుంచి అదొక ఏర్పాటైపోయింది, ఎవరూ చెప్పుకోకుండానే. ఆమె మా ఇంటి నుంచి బయలుదేరే వేళకు పెద్దనాయనకు వాకిలి బయట ఏదో పని ఉండేది. అక్కడి నుంచి బయలుదేరే వేళకు నాయన మా పక్క వాకిట్లో చెప్పుల మట్టి దులుపుకుంటూ ఉండేవాడు. ఏళ్ల తరబడి ఆయన చెప్పులకు అంత మట్టి ఎక్కడిదో తెలియదు. ఓవర్సియరు ఆఖరి తనిఖీకి వచ్చి, టేపు వేసి, ఇరవై అడుగులని చూసి నమ్మలేక మళ్లీ వేశాడు. "నియమానికి రెండింతలు వదిలారండీ! ప్రజల్లో ఇంత చైతన్యం నేనెక్కడా చూడలేదండీ," అన్నాడు. ఆ తర్వాత పేటలో ఎవరైనా జాగా వదలనని మొండికేస్తే వెంటబెట్టుకుని వచ్చి మా రెండిళ్లనూ చూపించేవాడు. నాయన వినయంగా తల వంచుకుని నిలబడేవాడు.

ఇప్పుడు మా వాడి కాగితంలో ఆ జాగాలో కార్లు నిలుపుతారు. పైన ప్రతి అంతస్తులోనూ రెండేసి ఇళ్లు, నడుమ ఒకటే గోడ. ఇప్పటి రూలు దాన్ని ఒప్పుకుంటుందట. మా వాడికి ఇది చెబితే నవ్వుతాడేమో కానీ, గోడలు కలవాలని అర్జీ రాసినప్పుడు కలవనివ్వలేదు, ఇప్పుడు ఎవరూ అడక్కుండానే కలుస్తున్నాయి. ఆ గోడకు అటూ ఇటూ ఉండబోయేవాళ్లెవరో మాకు తెలియదు, వాళ్లకు ఒకరికొకరూ తెలియదు. నేను సంతకం పెట్టాను. ఇళ్లు పాతబడ్డాయి, పడగొట్టడం న్యాయమే. నాకు బాధగా ఉంది, అదీ న్యాయమే.

జేజి ఆ ఇళ్లలో ఏడేళ్లు తిరిగింది. ఒక వేసవిలో మా ఇంట్లో సంగటి తిని, వెల్లుల్లి ఎక్కువైందని చెప్పి, పడుకుని, లేవలేదు. దినాలు అయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. ఆ మరునాడు మధ్యాహ్నం, ఆమె పెద్దనాయన ఇంటి నుంచి మా ఇంటికి వచ్చే వేళకు, నాయన పక్క వాకిట్లోకి పోయి చెప్పులు దులుపుకుంటున్నాడు. నేను వంటింటి కిటికీలో నుంచి చూశాను. ఎదురుగా, తన వాకిట్లో పెద్దనాయన కూడా వచ్చి నిలబడి ఉన్నాడు, ఎవరినో పంపించడానికి వచ్చినట్టు. ఇద్దరి నడుమా ఇరవై అడుగుల ఎండ. నడుమ కూర్చుని వక్క నమిలేవాళ్లు ఎవరూ లేరు. నాయన రెండో చెప్పు కూడా దులిపాడు. మళ్లీ మొదటి చెప్పు తీశాడు. చాలాసేపటికి పెద్దనాయన గొంతు వినిపించింది, అలవాటు లేని పని చేస్తున్నట్టు, కొంచెం గట్టిగా.

"ఏమప్పా, తింటివా?"

నాయన తలెత్తి, ఆ మాట తనకేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు.

"ఇంకా లేదన్నా."

"రా మరి. ఈడ తిందువు."

నాయన చెప్పులు తొడుక్కుని గడప దిగాడు. నేను నాకు తెలియకుండానే లోపల నుంచి లెక్కపెట్టాను. ఎనిమిది అంగలే పట్టింది ఆయనకు.